నీలం గీత దాకా

ఆ ఏడు తుఫాన్ల కాలం మా వీధికి రంగు డబ్బాలతో వచ్చింది.

వాతావరణ కేంద్రం నుంచి నలుగురు వచ్చారు. ఒకాయన మూడు కాళ్ల కొలత యంత్రం మోసుకొచ్చాడు. ఒకామె అట్ట మీద కాగితాలు పెట్టుకుని రాసుకుంటోంది. ఒకరి చేతిలో పసుపు రంగు, ఇంకొకరి చేతిలో నీలం రంగు. నీలం రంగు పట్టుకున్నది మా అమ్మాయి.

మా వీధిలో ముప్పై రెండు ఇళ్లు. పైనుంచి జారుబండలా దిగి, చివర ఐస్ ఫ్యాక్టరీ గోడకి కొట్టుకుని ఆగుతుంది వీధి. ఆ గోడ వెనక సముద్రం. వాళ్లు ప్రతి గుమ్మం దగ్గరా యంత్రం పెట్టి చూసి, కాగితం చూసి, రెండేసి గీతలు గీసుకుంటూ వచ్చారు. తుఫాను మామూలుదైతే నీళ్లు పసుపు గీత దాకా వస్తాయి. పెద్దదై, అది తీరం తాకే వేళకి సముద్రం కూడా పోటు మీద ఉంటే, నీలం గీత దాకా వస్తాయి. పైఇళ్ల వాళ్లకి చీలమండ దగ్గర పడ్డ నీలం గీత కిందికి వచ్చేకొద్దీ పైకి పాకింది. మా గుమ్మానికి నా నడుం దాకా. మాకు నాలుగిళ్ల కింద ఉండే టైలర్ గుమ్మానికి అతని ఛాతీ దాకా.

“అమ్మాయ్, ఇదేం కొలతే?” అన్నాడు టైలర్, మెడలో టేపు సవరించుకుంటూ. “నడుం చుట్టూ తీసుకుంటారా, భుజం నుంచి తీసుకుంటారా?”

“నేల నుంచి తీసుకుంటాం బాబాయ్.”

“జన్మంతా ఊరి వాళ్ల ఛాతీలు నేను కొలిచాను. నా ఛాతీ కొలవడానికి నువ్వు పుట్టావు. పోనీ, లూజు పెట్టావా, బిగుతుగా పెట్టావా?”

“సరిగ్గా పెట్టాను.”

“సరిగ్గా కుట్టిన చొక్కా అన్నం తిన్నాక పట్టదమ్మా. కాస్త లూజు ఉండాలి. మీ అమ్మనడుగు, ఆవిడ ఏం చెప్పినా రెండు సైజులు లూజే.”

వీధంతా నవ్వింది. మా అమ్మాయి కూడా నవ్వి, గీత పూర్తిచేసి, పక్కింటికి వెళ్లింది. వాళ్లటు వెళ్లగానే టైలర్ కుట్టి పెట్టిన చొక్కాలు ఆ గీత మీద వరసగా తగిలించేశాడు. కొట్టు గుమ్మం మీద మునిగిపోయే గీత ఉంటే గిరాకీ ఎవరొస్తారని అతని వాదన.

నన్ను మా వీధిలో గండాలక్క అంటారు. ఎదురుగా అనరు గానీ నాకు తెలుసు. మా ఇంట్లో గడియారం పది నిమిషాలు ముందుంటుంది. పిల్ల చిన్నప్పుడు మోకాలి లోతు గుంటని నిలువు లోతని చెప్పేదాన్ని. ఎవరికైనా దగ్గొస్తే ఊపిరితిత్తుల దాకా వెళ్తాను. ఏదైనా ఉన్నదానికి కొంత కలిపి చెబితే, వినేవాళ్లు కొంత తీసేసినా మిగిలినది అసలుకి సరిపోతుందని నా లెక్క. మా ఆయనకి ఐస్ ఫ్యాక్టరీ మోతకి ఒక చెవి పోయింది. పడుకునేటప్పుడు నా వైపుండేది ఆ చెవే కాబట్టి మా కాపురం సజావుగా సాగింది.

అమ్మాయికి ఒక అలవాటుండేది. ఆఫీసులో హెచ్చరిక రాసినప్పుడల్లా, బయటికి పంపేముందు నాకు ఫోన్ చేసి చదివేది. అది ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ల హెచ్చరికల్లో తీవ్ర వాయుగుండం, వాయవ్య దిశ, గంటకి ఇన్ని కిలోమీటర్లు అని ఉండేది. ఒకసారి అది చదువుతుంటే “అంటే గొడుగు పట్టుకెళ్లాలా, ఇల్లు వదిలెళ్లాలా?” అని అడిగాను. మర్నాడు ఫోన్ చేసి, “అమ్మా, ఇది విను” అంది. ఈసారి రేకులు ఎగురుతాయి, చెట్టు కింద బండ్లు పెట్టొద్దు, తాగే నీళ్లు ముందే పట్టుకోండి అని ఉంది. ఎనిమిదో తరగతి చదివిన నాకు అర్థమైతే ఊరందరికీ అర్థమైనట్టే అని వాళ్ల ఆఫీసులో అనుకునేవారట. నేను గొప్పగానే ఫీలయ్యాను.

దానికి ఒకటే షరతు. “ఇది ఇంకా చిత్తే. బయటికి వచ్చేదాకా ఎవరితోనూ అనకు” అనేది ప్రతిసారీ.

గీతలు గీసిన మూడో వారంలో మొదటి తుఫాను పుట్టింది. ఉదయం ఎనిమిదింటికి ఫోన్.

“అమ్మా, ఇది విను. తుఫాను రేపు మధ్యాహ్నం మన దగ్గర తీరం తాకే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంది. తాకితే కింది వీధుల్లో నీళ్లు పసుపు గీత దాకా రావచ్చు. రేపు ఉదయం ఆరింటికి మళ్లీ చెబుతాం. అప్పటిదాకా ఎవరూ ఇల్లు కదలక్కర్లేదు. అర్థమైందా?”

“అయింది.”

“ఏం అర్థమైంది?”

“తుఫాను వస్తోంది.”

“వస్తోంది అనలేదమ్మా. నాలుగింట ఒక వంతు అన్నాను. నాలుగు గుమ్మాలుంటే అందులో ఒకటి మనది.”

“ఆ ఒక్కటీ మనదే కదా మరి.”

అది నవ్వి ఫోన్ పెట్టేసింది. నేను సబ్బుకని కొట్టుకి వెళ్లాను. కొట్టు నడిపేది మా వీధి వదిన. ఆవిడా నేనూ ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం, చుట్టరికం ఏమీ లేదు. సబ్బు తీసుకుని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా గట్టు మీద ఆవిడ మనవడు కాళ్లూపుకుంటూ కూర్చున్నాడు. వాడి కాళ్ల పక్కనే పసుపు గీత. వాడి మెడ దగ్గర నీలం గీత.

“వదినా, రేపు మధ్యాహ్నం తుఫాను. మా అమ్మాయి చెప్పింది” అన్నాను.

“ఎంత దాకా?”

పసుపు అంటే ఎవరు కదులుతారు? “నీలం” అన్నాను.

సాయంత్రానికి ఆ మాట మా వీధి దాటింది. వెనక వీధికి చేరేసరికి నీళ్లు ఇంటికప్పుల దాకా ఎక్కాయట. మర్నాడు తెల్లారేసరికి మా వీధిలో సగం, వెనక వీధిలో సగం మిట్ట మీది స్కూల్లో ఉన్నారు. మంచాలతో, గ్యాస్ బండలతో, కోళ్లతో సహా. టైలర్ స్కూలు పిల్లల చొక్కాలు ముప్పై ఆ రోజే ఇవ్వాలి. ఇవ్వకుండా మూటకట్టి భుజాన వేసుకొచ్చాడు. ఆరింటికి ఆఫీసు వాళ్ల మాట వచ్చింది. తుఫాను దారి మార్చుకుంది, మనకి రాదు, ఎవరూ కదలక్కర్లేదు. తొమ్మిదింటికి ఎండ వచ్చింది. మామూలు ఎండ కాదు, బట్టలుతుక్కునే ఎండ.

మంచాలు నెత్తిన పెట్టుకుని అందరూ తిరిగి దిగారు. ఆ ఊరేగింపుకి ముందు నేనున్నాను, కాబట్టి అందరికీ నా వీపే కనబడింది.

“గండాలక్కా,” అన్నాడు టైలర్ వెనక నుంచి, ఈసారి వినబడేలాగే, “నీలం గీత దాకా చెమట పట్టింది.”

ఎవరో వాతావరణ కేంద్రానికి ఫిర్యాదు రాశారు. రెండ్రోజుల తర్వాత అమ్మాయి ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, వంటింటి గడప మీద కూర్చుంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను.

“నీలం గీత అన్న మాట బయటికెలా వచ్చిందని అడిగారు” అంది. “మేం అసలు నీలం అని ఎక్కడా రాయలేదు.”

“ఏం చెప్పావు?”

“మా ఇంట్లోంచే వెళ్లిందని చెప్పాను.”

“నీ మీదికి ఏమైనా వస్తుందా?”

“కాగితం ఇచ్చారు. ఇంకోసారి జరిగితే డ్యూటీ నుంచి తీసేస్తామన్నారు.”

నేను ఉల్లిపాయలే తరిగాను. అది అరిచుంటే బాగుండేది. లేచి చేతులు కడుక్కుని, అన్నం వడ్డించుకుని, ఆ రోజు ఆఫీసులో కరెంటు పోయిన సంగతి చెబుతూ తింది. ఆ తర్వాత మాత్రం ఉదయం ఎనిమిదింటికి ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. హెచ్చరికలు అందరికీ వచ్చినట్టే నాకూ ఫోన్లో టింగుమని వచ్చేవి. వాటిలో నాకు అర్థంకాని మాట ఒక్కటైనా దొరికితే ఫోన్ చేసి చెబుదామని వెతికేదాన్ని. దొరికేది కాదు. బాగానే రాసేది.

నెల తర్వాత అది వరసగా రెండు డ్యూటీలు చేసింది. క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి వెళ్లాను. ఎన్నాళ్లనుంచో అక్కడ పనిచేస్తోంది గానీ లోపలికి వెళ్లడం నాకదే మొదలు. పెద్ద పెద్ద యంత్రాలుంటాయనుకున్నాను. ఒక గది, నాలుగు తెరలు, చల్లారిపోయిన టీ కప్పులు. పెరట్లో నా ఎత్తు తెల్ల గాలిబుడగ ఒకటి పట్టుకుని నిలబడింది అమ్మాయి. కింద తాడుకి చిన్న పెట్టె కట్టి ఉంది. ఒకాయన గడియారం చూసి “ఊఁ” అనగానే వదిలింది. అది తాపీగా పైకి పోయింది. పైన గాలి ఎటుందో, తడి ఎంతుందో ఆ పెట్టె చెబుతుందట. రోజూ రెండుసార్లు, వాన వచ్చినా ఎండ వచ్చినా. నేను అది కనబడకుండా పోయేదాకా చూశాను. తెగి ఎవరి నెత్తిన పడుతుందోనని.

లోపల వాళ్ల పెద్దాఫీసరూ అమ్మాయీ ఏదో వాన గురించి మాట్లాడుకుంటున్నారు.

“పెద్ద హెచ్చరికే ఇచ్చేద్దాం” అన్నాడాయన. “వస్తే ముందే చెప్పామంటాం. రాకపోతే నాలుగు తిట్లు తింటాం. పోయేదేముంది?”

“అది మనకోసం రాసుకున్నట్టుంటుంది సార్. వాళ్లకోసం కాదు.”

“మరేమంటావు?”

“మూడింటికి ఇంకో లెక్క వస్తుంది. అప్పటిదాకా ఆగుదాం. తెలీనిది తెలీదనే చెబుదాం.”

అప్పుడాయన నన్ను చూశాడు. క్యారేజీ చూశాడు. “మీరేనా అమ్మా...” అని ఆగిపోయాడు. నీలం గీత ఆవిడ అనబోయి ఉంటాడు. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. మంచివాడే.

“మీ పిల్ల మొండిది” అన్నాడు.

“నా కడుపునే పుట్టింది గానీ ఆ గుణం నాది కాదండి” అన్నాను.

“మాకు తుఫానుతో అంత భయం లేదమ్మా. అది ఎక్కడుందో పైనుంచి కనబడుతూనే ఉంటుంది. ఒకసారి ఊరికే పరిగెత్తించామనుకోండి, రెండోసారి పిలిస్తే తలుపు కూడా తియ్యరు. మా భయమంతా అదే.”

అమ్మాయి తెర వైపు తిరిగి కూర్చుంది. నేను క్యారేజీ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

తుఫాన్ల కాలం దాదాపు అయిపోయిందనుకున్న వారంలో రెండోది వచ్చింది. ఉదయం ఏడింటికి ఫోన్ మోగింది. గొంతు బొంగురుపోయి ఉంది. రాత్రి ఇంటికి రాలేదు.

“అమ్మా, ఇవాళ నువ్వు ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఫోన్లకి వస్తుంది, మైకు బండి వస్తుంది. చెప్పాల్సింది మేం చెబుతాం. నువ్వు నాన్నని తీసుకుని పదకొండింటికల్లా స్కూలుకి వెళ్లిపో.”

“ఏ గీత?”

“నీలం.”

“ఎన్నింట ఎన్ని వంతులు?”

నేనలా అడుగుతానని అనుకోలేదు కాబోలు, అటువైపు కాగితం తిరగేసిన చప్పుడైంది. “పదింట తొమ్మిది. మూడు, మూడున్నర మధ్య తీరం తాకుతుంది. పోటు కూడా అప్పుడే.” తర్వాత అంది, “అమ్మా, ఏమీ కలపకు.”

“అలాగే.”

మైకు బండి ఎనిమిదింటికి వచ్చింది. నీళ్లు నీలం గీత దాకా వస్తాయి, పదకొండింటికల్లా మిట్ట మీది స్కూలుకి చేరండి, నడవలేని వాళ్లకి బండి పదింటికి ఐస్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉంటుంది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు తిరిగి వెనక వీధికి వెళ్లింది. గాలి లేదు. ఆకాశం నీళ్లు కలిపిన పాలలా ఉంది. గుమ్మాల్లో నిలబడ్డ వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

“ఏం గండాలక్కా,” అని కేకేశాడు టైలర్ తన కొట్టులోంచి, “మంచాలు ఎత్తమంటావా?”

నేను జవాబు చెప్పలేదు. చెప్పొద్దంది కదా. లోపలికి వెళ్లి చాపలు చుట్టాను. బియ్యం డబ్బా అటక మీద పెట్టాను. కాగితాలు, మందులు, టార్చి సంచిలో పెట్టాను. ఒక్కొక్కటీ తెచ్చి గుమ్మంలో పెడుతుంటే నోట్లోకి మాటలు వస్తున్నాయి, మింగుతున్నాను. జీవితంలో అంత కష్టమైన పని చెయ్యలేదు. మా ఆయన మంచి చెవి ఇటు తిప్పి, “ఏమన్నావు?” అన్నాడు. “ఏమీ అనలేదు” అన్నాను. ఆయన మొహం అదోలా అయింది. లేచి చొక్కా వేసుకున్నాడు. రెండోసారి చెప్పించుకోకుండా ఆయన లేవడం ముప్పై ఏళ్లలో అదే మొదలు.

గుమ్మానికి తాళం వేస్తుంటే వెనకాల అడుగుల చప్పుడైంది. టైలర్. చేతిలో కత్తెర అలాగే ఉంది.

“ఏంటక్కా, మాట్లాడవేం?”

నేను తాళం లాగి చూసుకున్నాను.

“ఒంట్లో బాలేదా? అమ్మాయి మీద కోపమా? ఎంతొస్తుందంటావు చెప్పు. తాటిచెట్టంతా? ఆకాశమంతా?”

“గీత దాకా” అన్నాను.

“అంతేనా?”

“మూడింటికి.”

“దానికి ఇంకేమీ కలపవా?”

సంచి భుజాన వేసుకున్నాను. అతను నా మొహంలోకి చూశాడు. ఎప్పుడూ చూసే చూపు కాదది. కొలతలు రాసుకునే ముందు మనిషిని చూసినట్టు చూశాడు. వెనక్కి దిగి, గుమ్మానికి తగిలించిన చొక్కాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు. గీత బయటపడింది. దాని ముందు నిలబడి తన ఛాతీ చూసుకున్నాడు. లోపలికి వెళ్లి, కుట్టుమిషను తల స్టాండు నుంచి ఊడదీసి గుండెలకి హత్తుకుని బయటికొచ్చాడు.

“వదినా, కొట్టు కట్టెయ్” అని అరిచాడు. “గండాలక్క నోరు మూసుకుంది.”

ఆ మాట ఇంటింటికీ పాకడం నా వెనకాల వినబడుతూనే ఉంది. నేను తిరిగి చూడలేదు. మిట్ట ఎక్కి స్కూలు గేటు దగ్గర ఆగి చూస్తే వీధంతా కదులుతోంది. ముందు మనుషులు, ఆ వెనక మూటలు. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర బండి ఎక్కుతున్న ముసలివాళ్లు.

స్కూలు పైఅంతస్తు వరండాలో కూర్చున్నాం. కొట్టు వదిన తలలు లెక్కపెట్టి, తప్పిపోయిందని మళ్లీ లెక్కపెట్టింది. నూట నలభై ఆరు. మా వీధి మొత్తం. టైలర్ మిషను తలని ఒళ్లో పడుకోబెట్టుకుని, తుడిచిందే తుడుస్తున్నాడు. ఒంటిగంటకి గాలి మొదలైంది. రెండింటికి రేకులు ఎగరడం చూశాం. మూడు తర్వాత వాన తెరలో ఏమీ కనబడలేదు, చప్పుడు మాత్రం వినబడింది. నీళ్ల చప్పుడు నేననుకున్నట్టు లేదు. పెద్ద లారీ ఏదో ఆగకుండా ఇసుక పోస్తున్నట్టుంది. ఎవరూ ఏడవలేదు. ఒక పాప దాహం అంది, ఇచ్చారు.

వెనక వీధి వాళ్లు సగమే వచ్చారు. మిగతా సగం కప్పుల మీదా, చెట్ల మీదా సాయంత్రం దాకా ఉండి, పడవల్లో వచ్చారు. ఇద్దరు రాలేదు. వలలల్లే ఆయన, ఆయన తల్లి.

నీళ్లు వెనక్కి తీశాక అమ్మాయి కొలత టేపు పట్టుకుని వీధిలోకి వచ్చింది. కళ్లు లోతుకుపోయాయి. ప్రతి గోడ మీదా బురద మరక ఒకటి సమంగా సాగిపోయి ఉంది, నీలం గీతకి కొంచెం కింద. టైలర్ తన మెడలో టేపు తీసి, అమ్మాయి కంటే ముందు తనే కొలిచాడు.

“నాలుగు వేళ్లు తక్కువొచ్చింది” అన్నాడు. “సరిగ్గా పెట్టానన్నావు. లూజు పెట్టావమ్మాయ్.”

“రాసుకుంటాను బాబాయ్” అని నిజంగానే రాసుకుంది.

దాని దగ్గర ఒక ఫారం ఉంది. ఇల్లు ఎన్నింటికి వదిలారు, ఏ హెచ్చరిక చూసి వదిలారు, ఫోనా, మైకా, టీవీనా అని. వచ్చే కాలానికి ఏది బాగా పనిచేస్తుందో తెలియడానికట. టైలర్ని అడిగింది.

“ఫోనూ కాదు, మైకూ కాదు. మీ అమ్మ మాట్లాడలేదు.”

“అలాంటి గడి లేదు బాబాయ్.”

“లేకపోతే గీసుకో. గీతలు గియ్యడం నీకు కొత్తా?”

అది నా వైపు చూసింది. ‘ఇతరములు’ అన్న చోట టిక్కు పెట్టింది. ముప్పై రెండు ఇళ్లలో పంతొమ్మిది ఇళ్లు ఇతరములే.

అక్కణ్నుంచి వెనక వీధికి వెళ్లింది. సాయంత్రం వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటూ చాలాసేపు నిలబడింది. బురద ఎప్పుడో పోయింది, చెంబుతో ఇంకా పోసుకుంటూనే ఉంది. నేను తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను.

“వలలల్లే ఆయన పక్కింటివాళ్లని అడిగాను” అంది. “తల్లీకొడుకులు మైకు విన్నారట. ఫోన్లో చూశారట. అర్థమైందట కూడా.”

“మరెందుకు కదల్లేదట?”

“పోయినసారి కూడా నీలం గీతే అన్నారుగా, ఎండ కాసిందిగా అన్నాడట ఆయన. మంచం మీద తల్లిని ఇంకోసారి ఊరికే మోయించలేనన్నాడట.”

చెంబులో నీళ్లయిపోయాయి. నేను నింపి ఇచ్చాను.

“పోయినసారి నీలం అన్నది మీ ఆఫీసు కాదు” అన్నాను.

“తెలుసు.”

“ఫారంలో ఏం రాశావు?”

“ముందు వచ్చిన తప్పుడు కబురు వల్ల అని.”

“ఎవరన్నారో రాశావా?”

“ఫారంలో పేర్లుండవమ్మా” అంది. తువ్వాలు నా చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్లింది. ఆ పూట అది అన్నం తినలేదు. నేను తినమని అడగలేదు.

వలలల్లే ఆయన ఇంటి గోడ మీద కూడా గీతలున్నాయి. ఆ తర్వాత నేనొకసారి వెళ్లి చూసి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలు గడిచాయి. రేకులు మళ్లీ వేసుకున్నాం. ఒకరోజు పొద్దున్న లేచేసరికి నా కింది దవడ వాచింది. నోరు తెరిస్తే ప్రాణం పోతోంది. గుమ్మం ఊడ్చాను, బిందె కడుక్కున్నాను, కొట్టుకెళ్లి వేలితో చూపించి టీ పొడి తెచ్చుకున్నాను. వదిన ఏదో అడిగింది. తల అడ్డంగా ఊపి వచ్చేశాను. ఇంటికొచ్చి పడుకుంటే కాసేపటికి ఫోన్ మోగింది.

“అమ్మా, ఏమైంది? మన వీధి నుంచి ఆఫీసుకి ఏడు ఫోన్లొచ్చాయి. తుఫాను ఏ గీత దాకా అని అడుగుతున్నారు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు.”

“ఫన్ను” అన్నాను.

“ఏంటీ?”

“ఫన్ను నొప్పి.”

చాలా రోజులకి దాని నవ్వు విన్నాను, సగంలోనే ఆపేసుకుంది. “ఉప్పునీళ్లు పుక్కిలించు. ముందు బయటికెళ్లి వాళ్లకి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు.”

తలుపు తీశాను. కొట్టు సగం మూసేసి ఉంది. పైఇంటి వాళ్లు మంచం బయటికి తీశారు. టైలర్ మిషను తల ఒళ్లో పెట్టుకుని మా మెట్టు మీదే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

దవడ పట్టుకుని, “పన్ను” అన్నాను. “కింది వరస. ఎడమ పక్క. ఒక్కటే.”

“అంతేనా?”

“అంతే.”

“దానికి ఇంకేమీ కలపవా?”

లేదన్నట్టు తలూపాను. అతను కాసేపు నా మొహం చూసి, ఊపిరి వదిలి, మిషను తల చంకన పెట్టుకుని కిందికి దిగి వెళ్లాడు. వదిన కొట్టు తలుపు మళ్లీ తెరిచింది. ఆ పన్ను విషయంలో నాకున్న మిగతా అనుమానాలు నాలోనే ఉంచుకున్నాను.